కొత్త స్పీకర్లు వేయించాక కార్లో సౌండ్ ఎందుకు తగ్గింది? వాట్లు, డోర్లు, యాంప్లిఫయర్ వెనక అసలు లెక్క

మా బావది అనంతపురం. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది కదా, ఆ ఊపులో ఆయన కూడా ఒక చిన్న కారు కొన్నాడు, కింది వేరియంట్. కంపెనీ ఇచ్చిన స్పీకర్లు ఊరికే రేడియోలో వార్తలు వినడానికి తప్ప దేనికీ పనికిరావని, పదిహేను రోజులు తిరక్కుండానే ముందు డోర్లకు కొత్త జత వేయించాడు. డబ్బా మీద 250 వాట్లు అని పెద్ద అక్షరాలతో ఉందట. మరుసటి రోజు ఫోన్ చేసి, "ఏమప్పా, దుడ్డు పెట్టి సౌండు తగ్గించుకున్నట్టుంది నా పని" అన్నాడు. షాపులో అడిగితే యాంప్లిఫయర్ (స్పీకర్లకు వెళ్లే పవర్‌ను పెంచే డబ్బా) కూడా వేయించమన్నారు. ఇంకో షాపులో యాంప్ దండగ, బేస్ కోసమే ఉండే పెద్ద స్పీకర్, అదే సబ్ వూఫర్, చాలన్నారు. షోరూమ్‌లో అయితే వైర్లు ముట్టుకుంటే వారంటీ పోతుందన్నారు.

ముగ్గురూ పూర్తిగా అబద్ధం చెప్పలేదు. అదే ఇక్కడున్న చిక్కు.

డబ్బా మీది 250 వాట్లు ఎక్కడి నుంచి వచ్చాయి

టేప్ రికార్డర్ల కాలంలో పీఎంపీఓ అని వేల వాట్లు రాసేవాళ్లు, గుర్తుందా? ఇప్పుడు ఆ పేరు పోయింది గానీ అలవాటు పోలేదు. స్పీకర్ డబ్బా మీద సాధారణంగా రెండు అంకెలుంటాయి. పెద్ద అక్షరాలతో ఉండేది పీక్ పవర్, అంటే ఒక్క క్షణం పాటు తట్టుకోగలిగేది. చిన్న అక్షరాలతో వెనకవైపు ఉండేది ఆర్ఎంఎస్, అంటే గంటల తరబడి మోగినా కాలిపోకుండా తట్టుకునేది. పనికొచ్చేది ఈ రెండోదే. 250 అని రాసిన డబ్బా వెనక ఆర్ఎంఎస్ 40, 50 ఉండటం మామూలే.

ఇంతకంటే ముఖ్యమైన విషయం ఒకటుంది. స్పీకర్ మీద రాసిన వాట్లు అది ఇచ్చే శబ్దం కాదు, తట్టుకునే బరువు. ట్రాక్టర్ ట్రాలీ మీద 5 టన్నులు అని రాసుంటే అందులో 5 టన్నుల శనక్కాయలు ఉన్నట్టు కాదు కదా, ఇదీ అంతే. అసలు పవర్ ఇచ్చేది డాష్‌బోర్డులో ఉన్న స్టీరియో, దాన్నే మనం డెక్ అంటాం. దాని మీద కూడా 50 వాట్లు, 4 స్పీకర్లకు అని రాసుంటుంది. నిజంగా ఎంత వస్తుందో ఎవరైనా లెక్కేసుకోవచ్చు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారులో దొరికే వోల్టేజీ 14.4 దాకా ఉంటుంది. వోల్టేజీని పెంచే సర్క్యూటు మామూలు డెక్ లోపల ఉండదు కాబట్టి స్పీకర్‌కు వెళ్లే తరంగం ఎత్తు కూడా 14.4 వోల్టులు దాటలేదు. దాన్ని 1.41తో భాగిస్తే ఆర్ఎంఎస్ వోల్టేజీ సుమారు 10.2. దాని వర్గాన్ని స్పీకర్ నిరోధం 4 ఓమ్‌లతో భాగిస్తే 26 వాట్లు. చిప్పులో జరిగే నష్టం తీసేస్తే ఒక్కో స్పీకర్‌కు శుభ్రంగా వచ్చేది 20 వాట్ల దరిదాపుల్లో ఉంటుంది. డెక్ ఎంత ఖరీదైనదైనా, లోపల వోల్టేజీని పెంచే ఏర్పాటు లేనంతవరకు ఈ లెక్క మారదు.

సెన్సిటివిటీ: ఎవరూ చూడని అంకె

మరి అదే 20 వాట్లతో పాత స్పీకర్ గట్టిగా మోగి, కొత్తది నెమ్మదిగా ఎందుకు మోగింది? డబ్బా వెనక డీబీ, అంటే డెసిబెల్స్, అని ఇంకో అంకె ఉంటుంది. 1 వాట్ ఇచ్చి 1 మీటర్ దూరంలో కొలిస్తే ఎంత శబ్దం వచ్చిందో అది చెప్తుంది. దీని పేరు సెన్సిటివిటీ.

డెసిబెల్ లెక్క కొంచెం వింతగా ఉంటుంది. పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే, చెవికి అది కాస్త పెరిగినట్టు అనిపిస్తుందంతే. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి, దానికి 10 రెట్ల పవర్ కావాలి.

కంపెనీ స్పీకర్లు చూడటానికి పేలవంగా ఉంటాయి, చిన్న అయస్కాంతం, పల్చటి కాగితపు కోన్ (ముందుకూ వెనక్కీ కదిలి గాలిని నెట్టే గరాటు లాంటి భాగం). కానీ బరువు తక్కువ కాబట్టి తక్కువ పవర్‌కే బాగా కదులుతాయి, కంపెనీవాళ్లు ఆ డెక్‌ను దృష్టిలో పెట్టుకునే వాటిని ఎంచుకుంటారు. ఉదాహరణకు కంపెనీ స్పీకర్ సెన్సిటివిటీ 92 అనుకుందాం, మనం కొన్న బరువైన కోన్ స్పీకర్‌ది 88. పాత స్పీకర్ 4 వాట్లతో 98 డెసిబెల్స్ ఇస్తుంది, కొత్తది అదే 98 ఇవ్వాలంటే 10 వాట్లు తాగుతుంది. వాల్యూమ్ నాబ్ అదే చోట ఉంటే కొత్తది 4 డెసిబెల్స్ తక్కువగా వినపడుతుంది.

ఇంకాస్త ముందుకెళ్దాం. డెక్ పూర్తి 20 వాట్లు ఇస్తే పాతది కాగితం మీద 105 డెసిబెల్స్ దాకా వెళ్తుంది, కొత్తది 101 దగ్గర ఆగిపోతుంది. కొత్తదాన్ని కూడా 105కు తీసుకెళ్లాలంటే 50 వాట్లు కావాలి. అంటే కొత్త స్పీకర్లూ, 50 వాట్ల యాంప్లిఫయరూ కొన్న తర్వాత మనం చేరేది, గట్టితనం విషయంలో, మొదలుపెట్టిన చోటికే! నాకు ఈ లెక్క మొదటిసారి తెలిసినప్పుడు చాలాసేపు నమ్మబుద్ధి కాలేదు. అయితే ఆ పాత స్పీకర్ 105 దగ్గర గరగరలాడుతూ పాటను చీల్చేస్తుంది, మంచి స్పీకర్ అక్కడ కూడా మాట మాటగా, తబలా తబలాగా వినిపిస్తుంది. మనం డబ్బు పెట్టేది ఆ తేడా కోసం.

బావ కారులో ఇంకో తప్పు కూడా దొరికింది. ఆ ఆదివారం నేను కర్నూలు నుంచి వెళ్లినప్పుడు డోర్ ప్యాడ్ విప్పి చూశాం. ఎడమ స్పీకర్‌కు ప్లస్, మైనస్ తారుమారుగా కలిపారు. అలా చేస్తే ఒక స్పీకర్ కోన్ ముందుకొచ్చినప్పుడు రెండోది వెనక్కి పోతుంది, గాలి ఒకదాన్నొకటి కొట్టేసుకుని బేస్ మాయమవుతుంది. మాటలు వినపడతాయి, డప్పు మాత్రం వినపడదు. దీన్ని కనిపెట్టడానికి గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్ చాలు, స్పీకర్ వైరు విప్పి సెల్ ప్లస్‌ను స్పీకర్ ప్లస్‌కు, మైనస్‌ను మైనస్‌కు ఒక్క క్షణం తాకిస్తే కోన్ బయటికి వస్తుంది, తిరగేస్తే లోపలికి పోతుంది. వైర్లు అటూ ఇటూ మార్చగానే బావ ముఖంలో సగం దిగులు పోయింది.

డోరే అసలు స్పీకర్ డబ్బా

ఇంట్లో పెట్టుకునే స్పీకర్‌కు చెక్క డబ్బా ఉంటుంది. కార్లో ఆ డబ్బా స్థానంలో ఉండేది డోర్, అంటే పల్చటి రేకు, దాని నిండా రంధ్రాలు, అద్దం దిగే సందు. స్పీకర్ కోన్ ముందుకు ఎంత గాలిని నెడుతుందో వెనక్కి అంతే నెడుతుంది, రెండూ ఒకదానికొకటి వ్యతిరేకం. ట్వీటర్ అనే చిన్న స్పీకర్ నుంచి వచ్చే సన్నని శబ్దాలకు ఇది పెద్ద సమస్య కాదు. కానీ 100 హెర్ట్జ్ బేస్ తరంగం పొడవు దాదాపు 3.4 మీటర్లు, అంత పొడవు తరంగానికి డోర్ ముందువైపు, వెనకవైపు అనే తేడా పెద్దగా ఉండదు, రంధ్రాల్లోంచి వెనక గాలి ముందుకొచ్చి ముందు గాలిని మింగేస్తుంది. అందుకే పదివేల స్పీకర్ కూడా ఖాళీ డోర్‌లో నాలుగు వేల స్పీకర్‌లా మోగుతుంది, నాలుగు వేలది రంధ్రాలు మూసిన డోర్‌లో పదివేల దానిలా మోగుతుంది.

దీనికి వేసేవే డ్యాంపింగ్ షీట్లు. బయటి రేకుకు అతికించేవి రేకు వణుకును తగ్గిస్తాయి, లోపలి చట్రం మీద అతికించేవి రంధ్రాలను మూస్తాయి. మన ప్రాంతంలో వీటి విషయంలో ఒక జాగ్రత్త ఉంది. చవకగా దొరికే షీట్లలో కొన్ని తారుతో చేసినవి. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, కడప, అనంతపురంలో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలు, నీడ లేని చోట అద్దాలు మూసి నిలబెట్టిన కారు లోపల 60 పైకి పోతుంది, ఎండ నేరుగా తగిలే బయటి రేకు ఇంకా కాలుతుంది. ఆ వేడికి తారు షీటు మెత్తబడి కిందికి జారుతుంది, కారంతా రోడ్డు వేసేటప్పటి వాసన. పైన అల్యూమినియం రేకు, కింద బ్యూటైల్ రబ్బరు ఉండే షీట్లు ఖరీదు ఎక్కువైనా ఈ వేడికి నిలబడతాయి. స్పీకర్ అంచు విషయంలోనూ అదే మాట, ఫోమ్ అంచులు వేడికి, దుమ్ముకు కొన్నేళ్లకే పొడిపొడి అవుతాయి, రబ్బరు అంచులు ఎక్కువ కాలం ఉంటాయి.

డోర్ లోపల ప్లాస్టిక్ పొర ఒకటి ఉంటుంది, అద్దం సందులోంచి దిగే వాననీళ్లు లోపలి ప్యాడ్‌కు తగలకుండా కంపెనీ పెట్టినది. పనివాళ్లు తొందరలో దాన్ని చింపి పారేస్తారు. షీట్లతో రంధ్రాలు పూర్తిగా మూస్తే ఫర్వాలేదు, మూయకుండా చింపేస్తే మాత్రం మొదటి వానకే ప్యాడ్ నానిపోతుంది. డోర్ అడుగున నీళ్లు పోయే చిన్న బెజ్జాలను కూడా షీటుతో మూయకూడదు.

కోయాక్సియల్, కాంపొనెంట్ అనే తేడా సంగతి క్లుప్తంగా: ట్వీటర్ పెద్ద స్పీకర్ మధ్యలోనే ఉంటే కోయాక్సియల్, విడిగా అద్దం పక్కన పైన పెట్టేలా ఉంటే కాంపొనెంట్. రెండోదాంట్లో పాట మోకాళ్ల దగ్గర్నుంచి కాకుండా ఎదురుగా వస్తున్నట్టు ఉంటుంది, వైరింగ్ పని పెరుగుతుంది. వెనక సీట్లో ఎక్కువగా పిల్లలే కూర్చునే కారుకు వెనక డోర్లలో కోయాక్సియల్ చాలు.

యాంప్లిఫయర్ కావాలా, వద్దా

ఇక్కడ రెండు వాదాలున్నాయి, రెండింటిలోనూ పస ఉంది.

వద్దనేవాళ్లు చెప్పేది ఇది: మామూలుగా మనం వినేటప్పుడు స్పీకర్ తీసుకునేది 1 లేక 2 వాట్లే. సెన్సిటివిటీ 90 పైన ఉన్న స్పీకర్లు ఎంచుకుని, డోర్లు బాగుచేయిస్తే డెక్ ఇచ్చే 20 వాట్లు సరిపోతాయి, బ్యాటరీ నుంచి కొత్త వైరు లాగే టెన్షన్ ఉండదు. ఊర్లోనే తిరిగే కారుకు ఇది నూటికి నూరు పాళ్లు నిజం.

కావాలనేవాళ్లు చెప్పేది వేరు. పాటలో శబ్దం ఒకే ఎత్తులో ఉండదు, డప్పు దెబ్బ పడిన క్షణంలో సగటు కంటే 10 డెసిబెల్స్ పైకి లేస్తుంది, అంటే ఆ క్షణానికి 10 రెట్ల పవర్ కావాలి. సగటున 2 వాట్లతో వింటుంటే ఆ దెబ్బకు 20 వాట్లు, డెక్ సరిగ్గా అంచున ఉంది. ఇప్పుడు బావ కారు అనంతపురం దాటి 44వ నంబర్ హైవే ఎక్కి గుత్తి, డోన్ మీదుగా కర్నూలు వస్తోందనుకోండి. 100 కిలోమీటర్ల వేగంలో టైర్ల హోరు, గాలి హోరు కలిసి ముందుగా మింగేది బేస్‌నే. వినపడటం లేదని వాల్యూమ్ పెంచుతాం, సగటు 5 వాట్లకు చేరుతుంది, డప్పు దెబ్బకు 50 కావాలి, డెక్ దగ్గర లేవు. అప్పుడు తరంగం పైభాగాన్ని కత్తెరతో కోసినట్టు చదును చేస్తుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు, మన మాటల్లో సౌండ్ పగలడం. 150 కిలోమీటర్లు అలా వింటే తలనొప్పి వస్తుంది, కారణం పాట గట్టిగా ఉండటమే కాదు, పగిలి ఉండటం కూడా.

నా అభిప్రాయం అడిగితే, హైవే మీద ఎక్కువగా తిరిగేవాళ్లకు ఒక్కో చానల్‌కు, అంటే ఒక్కో స్పీకర్‌కు, 50 వాట్ల ఆర్ఎంఎస్ ఉన్న చిన్న యాంప్ నిజంగా తేడా చూపిస్తుంది, అది కూడా డోర్ల పని అయ్యాకే. గట్టితనం కోసం కాదు, హైవే వాల్యూమ్‌లో కూడా పగలకుండా ఉండటం కోసం.

తక్కువ పవర్ ఇస్తే స్పీకర్ కాలిపోతుంది అనే మాట షాపుల్లో బాగా వినపడుతుంది. తక్కువ పవర్ దానంతటది ఏ స్పీకర్‌నూ కాల్చదు, లేకపోతే నెమ్మదిగా పాట విన్న ప్రతిసారీ కాలాలి. కాల్చేది క్లిప్పింగ్. చిన్న యాంప్‌ను దాని శక్తికి మించి తోస్తే, చదునైన తరంగంలో సగటు పవర్ పెరుగుతుంది, దానితో పాటు అదనంగా పుట్టే సన్నని శబ్దాల శక్తి అంతా ట్వీటర్ మీద పడుతుంది, వెంట్రుకంత తీగ ఉన్న ట్వీటర్ ముందు పోతుంది.

కంపెనీ డెక్ ఉంచుకునే యాంప్ వేయడంలోని మెలిక

ఇప్పటి కార్లలో డెక్ తీసేయడం కష్టం, దాంట్లోనే రివర్స్ కెమెరా, స్టీరింగ్ బటన్లు, ఏసీ సెట్టింగులు ముడిపడి ఉంటాయి. కాబట్టి స్పీకర్లకు వెళ్లే వైరు నుంచే సిగ్నల్ తీసుకోవాలి. కొన్ని యాంప్‌లు దాన్ని నేరుగా తీసుకుంటాయి, తీసుకోలేనివాటికి మధ్యలో కన్వర్టర్ అనే చిన్న డబ్బా కావాలి. చాలా కంపెనీ డెక్‌లు చిన్న స్పీకర్లు చిరగకుండా, వాల్యూమ్ పెరిగేకొద్దీ బేస్‌ను లోలోపల తగ్గించేస్తాయి. ఎంత మంచి యాంప్ అయినా తనదాకా రాని బేస్‌ను పెంచలేదు. డీఎస్పీ, అంటే సిగ్నల్‌ను లెక్కలతో మార్చే చిప్పు, ఉన్న యాంప్‌లు దీన్ని కొంతవరకు సరిదిద్దుతాయి. కుడివైపు కూర్చునే డ్రైవర్‌కు కుడి స్పీకర్ శబ్దం ముందే చేరడాన్ని కూడా అవి సరిచేస్తాయి. శబ్దం వెయ్యో వంతు సెకనులో 34 సెంటీమీటర్లు వెళ్తుంది, ఎడమ స్పీకర్ అర మీటరు ఎక్కువ దూరంలో ఉంటే కుడిదాన్ని సెకనులో వెయ్యికి ఒకటిన్నర వంతు ఆపి పంపుతాయన్నమాట.

పెనుకొండ దగ్గరి ఫ్యాక్టరీలో తయారయ్యే కియా సెల్టోస్ పై వేరియంట్లలో బోస్ సిస్టమ్ వస్తుంది కదా, అలాంటి బ్రాండెడ్ సిస్టమ్‌ల దారి వేరు. వాటిలో స్పీకర్, యాంప్, లోపలి ట్యూనింగ్ మూడూ ఒకదానికోసం ఒకటి తయారైనవి, స్పీకర్ల నిరోధం కూడా 4 ఓమ్‌లే ఉండాలని లేదు. అందులో ఒక్కదాన్ని తీసి మార్కెట్ స్పీకర్ పెడితే బాగుపడటం కంటే చెడిపోయే అవకాశమే ఎక్కువ.

వైరు, ఫ్యూజు: ప్రాణం మీదికి వచ్చే చోటు

సౌండ్ బాగోలేకపోతే మళ్లీ విప్పుకోవచ్చు. వైరు తప్పయితే కారు కాలుతుంది. అందుకే ఇక్కడ ఆగి లెక్క చూడాలి.

4 చానళ్లు, ఒక్కోదానికి 50 వాట్లు, మొత్తం 200. కరెంటును తక్కువ వృథా చేసే క్లాస్ డీ రకం యాంప్ సామర్థ్యం 80 శాతం అనుకుంటే అది బ్యాటరీ నుంచి లాగేది 250 వాట్లు, 13.8 వోల్టుల దగ్గర 18 ఆంపియర్లు. పాతకాలపు క్లాస్ ఏబీ అయితే 55 శాతమే, 364 వాట్లు లాగుతుంది, 26 ఆంపియర్లు, మిగిలిన 164 వాట్లూ వేడి. సీటు కింద ఇరికించి పెట్టే యాంప్ మే నెలలో ఆ వేడికి మాటిమాటికీ ఆగిపోవడం విచిత్రం కాదు. పాట వింటున్నప్పుడు సగటు ఇంతకంటే బాగా తక్కువే ఉంటుంది, కానీ వైరును ఎక్కువలో ఎక్కువకే లెక్కేయాలి.

బ్యాటరీ నుంచి సీటు కిందికి 5 మీటర్ల వైరు. 8 గేజ్ రాగి వైరుకు, అంటే సుమారు 8 చదరపు మిల్లీమీటర్లకు, 25 ఆంపియర్ల దగ్గర పోయే వోల్టేజీ పావు వోల్టు. గేజ్ అంకె పెరిగేకొద్దీ వైరు సన్నబడుతుంది. అదే ఇంటి వైరింగ్‌లో వాడేంత సన్నని 16 గేజ్ వేస్తే 1.65 వోల్టులు పోతాయి, ఆ వైరు మీదే 41 వాట్ల వేడి పుడుతుంది. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ కంటే ఎక్కువ వేడి, గాలి ఆడని కార్పెట్ కింద. మార్కెట్లో 8 గేజ్ అని అమ్మే కిట్లలో చాలావరకు సీసీఏ, అంటే లోపల అల్యూమినియం, పైన రాగి పూత. పనికిరాదని కాదు గానీ రాగి కంటే మూడో వంతు తక్కువగా కరెంటును మోస్తుంది, కాబట్టి ఒక మెట్టు లావుది కావాలి. కత్తితో పోగును గీకితే లోపల తెల్లగా కనపడుతుంది.

ఫ్యూజు యాంప్‌ను కాపాడటానికి అనుకుంటారు చాలామంది. యాంప్‌లో దాని ఫ్యూజు దానికి ఉంటుంది. బ్యాటరీ దగ్గర పెట్టేది వైరును కాపాడటానికి, రేకు అంచుకు వైరు ఒరిసి షార్ట్ అయితే బ్యాటరీలో ఉన్న వందల ఆంపియర్లు ఒక్కసారిగా ఆ వైరులోంచి పోతాయి. ఫ్యూజు బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపు ఉండాలన్న నియమం అందుకే, ఫ్యూజుకు ముందున్న వైరుకు ఏ రక్షణా లేదు. యాంప్ పక్కన ఫ్యూజు పెట్టి బ్యాటరీ దగ్గర పెట్టకుండా ఇచ్చిన కార్లు నేనే రెండు చూశాను.

గెయిన్ అంటే వాల్యూమ్ కాదు

యాంప్ మీద చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది, గెయిన్ అని. దాన్ని పూర్తిగా తిప్పితే పవర్ ఎక్కువ వస్తుందనుకుంటారు. యాంప్ పవర్ దాంతో మారదు, డెక్ నుంచి వచ్చే సిగ్నల్ ఎంత ఉన్నప్పుడు యాంప్ తన పూర్తి శక్తికి చేరాలో చెప్పేదే గెయిన్. పూర్తిగా తిప్పితే వాల్యూమ్ 10 దగ్గరే పగలడం మొదలవుతుంది, ఖాళీగా ఉన్నప్పుడు బుస్ మని శబ్దం వస్తుంది. తెలిసినవాళ్లు దీన్ని మల్టీమీటర్‌తో కొలుస్తారు. 50 వాట్లను 4 ఓమ్‌లతో గుణిస్తే 200, దాని వర్గమూలం 14.1. స్పీకర్ వైర్లు విప్పి, డెక్ వాల్యూమ్ ముప్పావు దగ్గర పెట్టి, ఒకే స్థాయిలో మోగే టెస్ట్ టోన్ వేసి, యాంప్ నుంచి 14.1 ఏసీ వోల్టులు వచ్చేదాకా స్క్రూ తిప్పి అక్కడ వదిలేస్తారు. ఐదు నిమిషాల పని.

వారంటీ, ఇన్సూరెన్స్

వైర్లు ముట్టుకుంటే వారంటీ మొత్తం పోతుందని షోరూమ్, కప్లర్ (వైరు కోయకుండా ప్లగ్గులా గుచ్చే కనెక్టర్) వేస్తే ఏమీ కాదని షాపు. వారంటీ పుస్తకాల్లో సాధారణంగా ఉండే మాట, బయట చేయించిన మార్పుల వల్ల వచ్చిన చెడుకు బాధ్యత లేదని. స్పీకర్లు మార్చినంత మాత్రాన క్లచ్ వారంటీ పోవడం కష్టం, కానీ వైరింగ్‌లో ఏ తేడా వచ్చినా ముందు వేలు చూపించేది ఆ స్పీకర్ల వైపే. కంపెనీ కప్లర్‌లోకి సరిపోయే రెడీమేడ్ కప్లర్ వాడితే వైరు కోయనక్కర్లేదు, ఎప్పుడైనా తీసి పాతవి పెట్టుకోవచ్చు, అందుకే పాత స్పీకర్లను అక్కడే వదిలేసి రాకూడదు.

ఇన్సూరెన్స్ సంగతి చాలామందికి తెలియదు. కారుతో పాటు రాని ఎలక్ట్రికల్ యాక్సెసరీలను పాలసీలో విడిగా చెప్పుకోవాలి, ఇండియా మోటార్ టారిఫ్‌లో దీనికి ఐఎంటీ 24 అనే నిబంధన ఉంది, వాటి విలువ మీద 4 శాతం ప్రీమియం. 30,000 రూపాయల సిస్టమ్‌కు ఏడాదికి 1,200. చెప్పకపోతే దొంగతనం జరిగినా, ప్రమాదంలో పోయినా ఆ 30,000కు క్లెయిమ్ రాదు.

బావ ప్రస్తుతానికి యాంప్ కొనలేదు. స్పీకర్ వైరు సరిచేసి, ముందు రెండు డోర్లకు బ్యూటైల్ షీట్లు వేయించాడు. పోయిన వారం కర్నూలు వచ్చినప్పుడు డోన్ దాటాక ఎనభై మీద వెళ్తే బాగుంది, వంద దాటితే మళ్లీ పగులుతోంది అన్నాడు. సంక్రాంతి తర్వాత 4 చానళ్ల చిన్న యాంప్ చూద్దామన్నాడు, వైరు మాత్రం రాగిదే, తానే షాపుకు పోయి గీకి చూసి తెస్తాడట.